‘పని కాలేదు’ అన్న కబురు ఎటు పోయింది?

సహాయక ప్రోగ్రామ్‌ల ఎర్రర్ సందేశాలను సాఫ్ట్‌వేర్ సరిగా వినకపోతే ఏమవుతుంది? బ్యాకప్‌లు ఖాళీగా మిగలడం నుంచి రాకెట్ కూలిపోవడం దాకా అనుభవాలు చెబుతున్న పాఠాలు

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లా అనగానే భిలాయ్ ఉక్కు కర్మాగారం గుర్తుకొస్తుంది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో దీనికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. కర్మాగారంలో ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. దల్లీ రాజహరా గనుల నుంచి వచ్చే ఇనుప ఖనిజం ఇక్కడ ద్రవ ఇనుముగా, ఆపై ఉక్కుగా, చివరికి రైలు పట్టాగా మారుతుంది. యూనివర్సల్ రైల్ మిల్‌లో 130 మీటర్ల పొడవైన పట్టాను ఒకే ముక్కగా తయారుచేస్తారు.

రైలు పట్టాకు పరీక్షలు తప్పనిసరి. లోపల దాగిన లోపాలను అల్ట్రాసోనిక్ తరంగాలతో, ఉపరితలం మీది లోపాలను ఎడ్డీ కరెంట్‌తో పట్టుకుంటారు. ఈ పరీక్ష నుంచి రెండు విషయాలు బయటికి వస్తాయి. ఒకటి పట్టా, రెండోది పట్టా గురించిన సమాచారం. పట్టా రోలర్ల మీదుగా ముందుకు సాగిపోతుంది. సమాచారం మరో దారిలో నిర్ణయం తీసుకునేవారికి చేరుతుంది. ఆ రెండో దారి మూసుకుపోతే లోపమున్న పట్టా కూడా చూడటానికి మంచి పట్టాలాగే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌లోనూ సరిగ్గా ఇలాంటి ప్రశ్నే ఎదురవుతుంది. ఒక ప్రోగ్రామ్ తన పనిలో కొంత భాగాన్ని మరో ప్రోగ్రామ్‌కు అప్పగిస్తుంది. అప్పగించిన పని జరగకపోతే ఆ సంగతి మొదటి ప్రోగ్రామ్‌కు ఎలా తెలుస్తుంది? తెలిసినా, మనిషి దాకా చేరుతుందా?

మేస్త్రీ, పనివాళ్లు

మనం వాడే పెద్ద సాఫ్ట్‌వేర్లు అన్ని పనులూ సొంతంగా చేయవు. మీరు ఒక వెబ్‌సైట్‌కు వీడియో ఎక్కిస్తే దాని సైజు తగ్గించే పనిని ఆ వెబ్‌సైట్ మరో ప్రోగ్రామ్‌కు అప్పగిస్తుంది. ఆసుపత్రి రికార్డుల వ్యవస్థ రాత్రిపూట డేటాబేస్ నకలు తీయడానికి మరో ప్రోగ్రామ్‌ను పిలుస్తుంది. ఇలా పిలిచేదాన్ని ‘పేరెంట్ ప్రాసెస్’ అనీ, పిలిపించుకుని పనిచేసేదాన్ని ‘చైల్డ్ ప్రాసెస్’ అనీ అంటారు. ఇల్లు కట్టే మేస్త్రీ ఒక్కో పనికి ఒక్కో పనివాణ్ణి పురమాయించినట్టే ఇదీ.

యూనిక్స్, లినక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్‌లలో సహాయక ప్రోగ్రామ్ నుంచి ప్రధాన ప్రోగ్రామ్‌కు మామూలుగా మూడు రకాల సమాచారం అందుతుంది. మొదటిది ‘స్టాండర్డ్ అవుట్‌పుట్’. అసలు ఫలితం వచ్చే దారి ఇది. రెండోది ‘స్టాండర్డ్ ఎర్రర్’. ఇబ్బంది ఏదైనా వస్తే దాని గురించిన సందేశం ఈ దారిలో వస్తుంది. మూడోది ‘ఎగ్జిట్ కోడ్’. పని ముగించి వెళ్లేటప్పుడు ప్రోగ్రామ్ ఇచ్చిపోయే చిన్న అంకె ఇది. 0 అయితే పని సవ్యంగా జరిగిందని అర్థం. 1 నుంచి 255 వరకు మరే అంకె వచ్చినా ఏదో ఒక విశేషం ఉందని అర్థం. సాఫల్యానికి ఒకే అంకె, వైఫల్యానికి 255 అంకెలు! పని జరగడానికి ఒకటే తీరు, చెడిపోవడానికి మాత్రం ఎన్నో తీరులు.

ఫొటో కాగితం మీద అచ్చయిన పొరపాటు

ఎర్రర్‌కు వేరే దారి మొదటి నుంచీ లేదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ రూపుదిద్దుకుంటున్న తొలి రోజుల్లో ఫలితం, ఎర్రర్ సందేశం ఒకే దారిలో వచ్చేవి. 1973లో డగ్లస్ మెకిల్‌రాయ్ ఆలోచనకు కెన్ థాంప్సన్ రూపమిచ్చిన ‘పైప్’ వచ్చింది. ఒక ప్రోగ్రామ్ ఫలితం నేరుగా మరో ప్రోగ్రామ్‌లోకి ప్రవహించే ఏర్పాటు ఇది. దీంతో చిన్న చిన్న ప్రోగ్రామ్‌లను గొలుసుగా కూర్చి పెద్ద పనులు చేయడం సులువైంది. అయితే గొలుసులో ఒకరు పంపిన ఎర్రర్ సందేశం తర్వాతి ప్రోగ్రామ్‌కు ముడిసరుకుగా చేరిపోయే ప్రమాదం కూడా దాంతోపాటే వచ్చింది.

అప్పట్లో బెల్ ల్యాబ్స్‌లో ఫొటో కాగితం మీద అక్షరాలు కూర్చే యంత్రం ఒకటి ఉండేది. దాన్నుంచి వచ్చిన కాగితాన్ని రసాయనాలతో కడిగి, కొన్ని నిమిషాలు వేచి ఉంటే గానీ అచ్చు కనిపించేది కాదు. ఒకరోజు కొందరు పరిశోధకులకు ఒకే అనుభవం ఎదురైంది. కాగితం కడిగి చూస్తే తమ వ్యాసానికి బదులు, ఫైల్ తెరుచుకోలేదన్న ఒక్క వాక్యం అందమైన అక్షరాల్లో అచ్చయి ఉంది. దీనిపై సణుగుడు మొదలైన కొద్ది రోజులకే ఎర్రర్ సందేశాలకు వేరే దారి ఏర్పాటైందని అక్కడ పనిచేసిన స్టీఫెన్ జాన్సన్ తర్వాతి కాలంలో గుర్తుచేసుకున్నారు. నేడు ప్రపంచంలోని సర్వర్లలో, ఫోన్లలో ఉన్న ‘స్టాండర్డ్ ఎర్రర్’ పుట్టుక ఇలా జరిగింది.

వైఫల్యంలో నాలుగు రకాలు

‘పని కాలేదు’ అన్న ఒక్క మాటలో కనీసం నాలుగు వేర్వేరు పరిస్థితులు దాగి ఉంటాయి.

మొదటిది, సహాయక ప్రోగ్రామ్ అసలు మొదలే కాకపోవడం. పేరు తప్పుగా రాసినా, ఆ ప్రోగ్రామ్ కంప్యూటర్‌లో లేకపోయినా కమాండ్లను నడిపే షెల్ 127 అనే కోడ్ ఇస్తుంది. ప్రోగ్రామ్ ఉన్నా దాన్ని నడపడానికి అనుమతి లేకపోతే 126 వస్తుంది.

రెండోది, మొదలై, చేయలేక వెనుదిరగడం. డిస్క్‌లో చోటు లేకపోవచ్చు, పాస్‌వర్డ్ మారి ఉండవచ్చు. ఇలాంటప్పుడు సాధారణంగా కోడ్, సందేశం రెండూ అందుతాయి.

మూడోది, మధ్యలో ఎవరో ఆపేయడం. మెమరీ చాలనప్పుడు లినక్స్ కొన్ని ప్రోగ్రామ్‌లను బలవంతంగా ముగిస్తుంది. ఇందుకు వాడే సిగ్నల్ సంఖ్య 9. షెల్ దానికి 128 కలిపి 137 అని చెబుతుంది. ఇలా ఆగిపోయిన ప్రోగ్రామ్‌కు చివరి మాట చెప్పే అవకాశం కూడా ఉండదు. ఎర్రర్ సందేశాల దారి ఖాళీగా ఉంటుంది. ‘సందేశం లేదు కాబట్టి అంతా బాగానే ఉంది’ అనుకునే ప్రధాన ప్రోగ్రామ్ ఇక్కడ మోసపోతుంది.

నాలుగోది, ఎప్పటికీ ముగియకపోవడం. నెట్‌వర్క్ జవాబు కోసం ఎదురుచూస్తూ సహాయక ప్రోగ్రామ్ అలాగే ఉండిపోతుంది. అది విఫలం కాలేదు, సఫలమూ కాలేదు. గడువు పెట్టుకుంటే తప్ప ఈ పరిస్థితి బయటపడదు.

ఇందులో మరో మెలిక ఉంది. సున్నా కాని ప్రతి కోడూ ప్రమాద సూచన కాదు. ఫైల్‌లో ఒక పదాన్ని వెతికే ‘గ్రెప్’ అనే ప్రోగ్రామ్ ఆ పదం కనిపించకపోతే 1 ఇస్తుంది. అది లోపం కాదు, సరైన జవాబే. నిజంగా ఇబ్బంది వస్తే 2 ఇస్తుంది. అందువల్ల పిలిచే ప్రతి ప్రోగ్రామ్ విషయంలోనూ దాని అంకెలకు అర్థమేమిటో ముందే తెలుసుకోవాలి.

20 బైట్ల బ్యాకప్

గొలుసుగా నడిచే ప్రోగ్రామ్‌ల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. ఒక ప్రోగ్రామ్ డేటాబేస్ నకలు తీస్తుంది, దాని ఫలితాన్ని ‘జీజిప్’ కుదించి ఫైల్‌గా భద్రపరుస్తుంది అనుకుందాం. మొదటి ప్రోగ్రామ్ డేటాబేస్‌కు కనెక్ట్ కాలేక వెనుదిరిగింది. రెండోదానికి ఈ సంగతి తెలియదు. తనకు వచ్చిన శూన్యాన్నే శ్రద్ధగా కుదించి, పద్ధతి ప్రకారం ఫైల్ తయారుచేసి, ‘పని పూర్తయింది’ అంటూ 0 ఇస్తుంది. యూనిక్స్ షెల్ మామూలుగా గొలుసులోని చివరి ప్రోగ్రామ్ కోడ్‌నే మొత్తం పని ఫలితంగా తీసుకుంటుంది. కాబట్టి బ్యాకప్ సక్రమంగా జరిగినట్టే నమోదవుతుంది. డిస్క్ మీద మాత్రం 20 బైట్ల ఫైల్ ఉంటుంది. శూన్యాన్ని కుదిస్తే జీజిప్ ఇచ్చే పరిమాణం అదే.

గొలుసులో ఏ ఒక్కటి విఫలమైనా మొత్తం విఫలమైనట్టే లెక్కించే ‘పైప్‌ఫెయిల్’ సదుపాయం కొన్ని షెల్‌లలో ఎప్పటి నుంచో ఉంది. యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన ‘పోసిక్స్’లో దానికి 2024 కూర్పులో చోటు దక్కింది.

కబురు పంపారు, అందలేదు

ఇది కేవలం ఊహ కాదనడానికి 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌కు ఎదురైన అనుభవమే నిదర్శనం. ప్రోగ్రామర్లు తమ కోడ్‌ను భద్రపరచుకునే ఈ సేవలో, ఆ రాత్రి డేటాబేస్ సమస్యను సరిచేస్తున్న ఒక ఇంజినీరు పొరపాటున అసలు సర్వర్ మీది డేటాను తొలగించారు. సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది 4.5 గిగాబైట్లు. బ్యాకప్ నుంచి తిరిగి నింపుదామని చూస్తే, బ్యాకప్‌లు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

కారణం ఏమిటో సంస్థ స్వయంగా బయటపెట్టింది. రోజూ నకలు తీయాల్సిన సహాయక ప్రోగ్రామ్ ‘పీజీ డంప్’ 9.2 వెర్షన్‌ది. డేటాబేస్ 9.6 వెర్షన్‌ది. రెండింటికీ పొసగక ఆ ప్రోగ్రామ్ నకలు తీయకుండానే ఎర్రర్‌తో ఆగిపోయేది. అది మౌనంగా ఏమీ ఊరుకోలేదు. ఎర్రర్ సందేశంతో ఈమెయిల్ వెళ్లే ఏర్పాటు కూడా ఉంది. అయితే పంపినవారు ఎవరో ధ్రువీకరించే ‘డీమార్క్’ పద్ధతికి ఆ ఈమెయిళ్లు అనుగుణంగా లేకపోవడంతో, అందుకోవాల్సిన మెయిల్ సర్వర్ వాటిని తిరస్కరించింది. మెయిళ్లు రాకపోవడంతో బ్యాకప్‌లు ఆగిపోయాయని ఎవరికీ తెలియలేదు.

దాదాపు ఆరు గంటల ముందు మరో పని కోసం తీసి ఉంచిన నకలు చివరికి ఆదుకుంది. ఆ ఆరు గంటల్లో నమోదైన సమాచారం మాత్రం పోయింది. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 మంది కొత్త వినియోగదారుల ఖాతాలపై ప్రభావం పడిందని సంస్థ అంచనా వేసింది. సహాయక ప్రోగ్రామ్ గోడు చెప్పుకున్నా, అది మనిషి చెవిన పడకపోతే చెప్పనట్టే అని ఈ ఘటన రుజువు చేసింది.

ఎర్రర్‌నే ఫలితమనుకుంటే

ఇంతకంటే ప్రమాదకరమైన పొరపాటు మరొకటి ఉంది. ఎర్రర్ సందేశం అందుతుంది, కానీ దాన్ని ఫలితంగా చదువుతారు. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి యూరప్ కొత్త రాకెట్ ఏరియన్-5 మొదటిసారి నింగికెగిసింది. రాకెట్ దిశను, వేగాన్ని లెక్కించి ప్రధాన కంప్యూటర్‌కు చెప్పే పని ఒక సహాయక కంప్యూటర్‌ది. దానికి తోడుగా మరొకటి సిద్ధంగా ఉంది. రెండింటిలోనూ ఏరియన్-4 నుంచి తెచ్చిన సాఫ్ట్‌వేరే ఉంది.

ఏరియన్-5 పాత రాకెట్ కంటే వేగంగా పక్కకు కదులుతుంది. దాంతో 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల చోటులో పెట్టాల్సిన ఒక లెక్కలో అంకె పట్టలేదు. ముందు తోడు కంప్యూటర్, ఆ వెంటనే అదే కారణంతో మొదటి కంప్యూటర్ ఆగిపోయాయి. ఆగిపోతూ తనకేమైందో తెలిపే పరీక్ష సమాచారాన్ని మొదటి కంప్యూటర్ ప్రధాన కంప్యూటర్‌కు పంపింది. అది వెళ్లింది మాత్రం ప్రయాణ వివరాలు వెళ్లే దారిలోనే. ప్రధాన కంప్యూటర్ ఆ అంకెలను నిజమైన ప్రయాణ సమాచారంగా చదివింది. రాకెట్ దారి తప్పిందని నమ్మి, లేని తప్పును సరిదిద్దడానికి ఇంజిన్ నాజిళ్లను పూర్తిగా ఒక పక్కకు తిప్పింది. ప్రయోగం మొదలైన సుమారు 40 సెకన్లకే రాకెట్ విచ్ఛిన్నమైంది. అందులోని నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలూ నాశనమయ్యాయి. ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త జాక్-లూయీ లయన్స్ నేతృత్వంలోని విచారణ బృందం అదే ఏడాది జులైలో ఈ క్రమాన్నంతా నివేదికలో వివరించింది.

ఫొటో కాగితం మీద అచ్చయిన వాక్యానికీ, ఏరియన్-5 నాజిళ్లు తిరగడానికీ మూలం ఒకటే. ఫలితం వెళ్లే దారిలోకి ఎర్రర్ ప్రవేశించింది. మొదటిచోట కొన్ని నిమిషాలు వృథా అయ్యాయి, రెండోచోట రాకెట్ పోయింది.

కొలిమి పక్కన

సహాయక వ్యవస్థ వైఫల్యం ఎంత దారుణంగా పరిణమించగలదో భిలాయ్‌కు సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని ఒక ప్రమాదం ద్వారా తెలుసు. 2014 జూన్ 12న కర్మాగారంలోని ఒక పంప్‌హౌస్ వద్ద నీటి సరఫరాలో అంతరాయం ఏర్పడింది. నీటి పీడనం తగ్గడంతో, బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌ను శుద్ధి చేసే విభాగం వైపు నుంచి కార్బన్ మోనాక్సైడ్ ఎదురుదారిలో పంప్‌హౌస్‌లోకి చేరిందని అప్పటి వివరాలు తెలిపాయి. ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు సహా ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. రంగు, వాసన లేని ఈ వాయువును మనిషి ఇంద్రియాలు పసిగట్టలేవు. అందుకే ఉక్కు కర్మాగారాల్లో గ్యాస్‌ను పసిగట్టే పరికరాలు, అవి పంపే హెచ్చరికలు ప్రాణాధారం.

ఆధునిక ఉక్కు కర్మాగారాల్లో ఇలాంటి వేలాది కొలతలు కంప్యూటర్ల ద్వారానే ప్రయాణిస్తాయి. సెన్సర్ కొలుస్తుంది, నియంత్రణ పరికరం చదువుతుంది, పై కంప్యూటర్ లెక్క కడుతుంది, ఆపైది ఉత్పత్తి ప్రణాళిక వేస్తుంది. కింది మెట్టులో సెన్సర్ తీగ తెగితే పై మెట్టుకు ఏ అంకె చేరాలి? సున్నా పంపితే ఉష్ణోగ్రత నిజంగానే సున్నా అనుకోవచ్చు. చివరిసారి కొలిచిన అంకెనే పంపుతూ ఉంటే అంతా నిలకడగా ఉందని భ్రమ కలుగుతుంది. ఈ చిక్కు విప్పడానికి పరిశ్రమల్లో వాడే ‘ఓపీసీ’ ప్రమాణం ప్రతి కొలతకూ రెండు వివరాలు జతచేస్తుంది. ఒకటి కొలిచిన సమయం, రెండోది నాణ్యత: మంచిది, అనుమానాస్పదం, చెడ్డది. పట్టాతోపాటు పరీక్ష సమాచారం నడిచినట్టే, అంకెతోపాటు దాని నమ్మకం కూడా నడుస్తుంది.

వినడంలోనూ చిక్కు

ఎర్రర్‌కు వేరే దారి ఉంటే సరిపోదు, దాన్ని ఎప్పటికప్పుడు ఖాళీ చేస్తూ ఉండాలి. లినక్స్‌లో ఒక పైప్ మామూలుగా 65,536 బైట్లను పట్టి ఉంచుతుంది. ప్రధాన ప్రోగ్రామ్ ముందుగా ఫలితమంతా చదివి, ఆ తర్వాత ఎర్రర్ సంగతి చూద్దామని కూర్చుందనుకుందాం. ఈలోగా సహాయక ప్రోగ్రామ్ వరసగా ఎర్రర్ సందేశాలు రాస్తూ పోతే ఆ పైప్ నిండిపోతుంది. అది ఖాళీ అయ్యేదాకా సహాయక ప్రోగ్రామ్ ఆగుతుంది. ఫలితం ముగిసేదాకా ప్రధాన ప్రోగ్రామ్ ఆగుతుంది. ముందు మీరంటే ముందు మీరు అన్నట్టు రెండూ కదలవు. ఒకటి రెండు ఎర్రర్లతో పరీక్షించినప్పుడు ఇది బయటపడదు. ఎర్రర్లు వెల్లువెత్తిన రోజున, అంటే సమాచారం బాగా అవసరమైన రోజునే బయటపడుతుంది. అందుకే రెండు దారులనూ ఒకేసారి చదివే సదుపాయాలను పైథాన్ వంటి భాషలు సిద్ధంగా ఉంచాయి.

భాష కూడా చిక్కు తెచ్చిపెడుతుంది. ఎర్రర్ వాక్యంలో ఫలానా ఇంగ్లిష్ పదం ఉందా అని వెతికి నిర్ణయం తీసుకునే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. కంప్యూటర్ భాషను హిందీకో తెలుగుకో మారిస్తే సందేశం అనువాదమై రావచ్చు, అప్పుడు ఆ పదం దొరకదు. సందేశంలోని వాక్యం మనిషి కోసం, కోడ్ ప్రోగ్రామ్ కోసం. యంత్రం తీసుకునే నిర్ణయాలు కోడ్ మీదే ఆధారపడాలి.

ఏం చేయాలి?

అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లు పాటించే నియమాలు కొన్నే. ఫలితాన్ని, ఎర్రర్‌ను కలపకూడదు. ఎగ్జిట్ కోడ్ చూడకుండా ఫలితాన్ని నమ్మకూడదు. ప్రతి సహాయక ప్రోగ్రామ్‌కూ ఒక గడువు ఉండాలి. పై మెట్టుకు కబురు పంపేటప్పుడు ‘ఏదో తప్పు జరిగింది’ అని కాకుండా ఏ ప్రోగ్రామ్, ఏ పని మీద, ఏ కోడ్‌తో, ఏ మాటతో ఆగిందో చెప్పాలి. కింది నుంచి వచ్చిన అసలు సందేశాన్ని చెరిపేయకుండా దానికి సందర్భం జోడించాలి. నెట్‌వర్క్ తడబాటు లాంటి తాత్కాలిక ఇబ్బందికి మళ్లీ ప్రయత్నించవచ్చు. పాస్‌వర్డ్ తప్పయితే వందసార్లు ప్రయత్నించినా ప్రయోజనం ఉండదు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది, మౌనాన్ని కూడా అనుమానించడం. విఫలమైతే కబురు రావాలన్న ఏర్పాటుతోపాటు, సఫలమైతే కూడా కబురు రావాలన్న ఏర్పాటు ఉండాలి. ఆ కబురు సమయానికి రాకపోతే హెచ్చరిక మోగాలి. రోజూ ఫోన్ చేసే కొడుకు ఒకరోజు చేయకపోతే ఇంట్లోవాళ్లు కంగారుపడినట్టే. గిట్‌ల్యాబ్ వంటి సందర్భంలో తిరస్కరణకు గురైన ఈమెయిళ్ల సంగతి ఇలాంటి ఏర్పాటు ఉంటే మొదటి రోజే తెలిసిపోతుంది. అలాగే బ్యాకప్ ఉందా అని కాకుండా దాని నుంచి డేటా తిరిగి వస్తుందా అని అప్పుడప్పుడూ పరీక్షించాలి. సహాయక ప్రోగ్రామ్‌ను కావాలనే విఫలం చేసి, కబురు చివరిదాకా చేరుతోందో లేదో చూడాలి.

కోడ్ రాసే కృత్రిమ మేధ సాధనాలు వచ్చాక ఈ విషయానికి ప్రాధాన్యం పెరిగింది. ఈ సాధనాలు తామే కమాండ్లను నడిపి, వచ్చిన ఎర్రర్ సందేశాలను చదివి కోడ్‌ను సరిదిద్దుకుంటాయి. సందేశం మధ్యలో తెగిపోయినా, గొలుసులో మింగేసినా వాటికి తప్పుడు ధీమా కలుగుతుంది. కోడ్ రాసింది మనిషైనా యంత్రమైనా, ‘పని అయింది’ అన్న మాటను నమ్మే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: కాకపోయి ఉంటే ఆ సంగతి ఎవరికి, ఏ దారిలో తెలిసేది?